అన్నీ మావే

సెలూన్, అద్దం పక్క కుర్చీ

పిచ్చుకా,

మీ నాన్న చెబుతుంటే రాస్తున్నాను. మధ్యలో మీ అమ్మ కూడా చెబుతోంది. ఎవరి మాట ముందు రాయాలో తెలియక ఇద్దరిదీ రాస్తున్నాను. కాగితం మడతలో వెంట్రుకలేమైనా ఉంటే దులిపేసుకో. అవి ఉత్తరంలో భాగం కాదు.

ఇన్నేళ్లకి నిన్న మన సినిమా టీవీలో వేశారు. "సినిమా అనకు, డాక్యుమెంటరీ అనాలని పిచ్చుక చెప్పింది" అంటోంది మీ అమ్మ. సరే, డాక్యుమెంటరీ. నీకు ఎనిమిదేళ్లప్పుడు ఆ డైరెక్టరమ్మ కెమెరా వేసుకుని ఏడాది పొడుగునా మన వీధిలో తిరిగింది చూడు, అదే. వీధి వీధంతా నా సెలూన్లోనే కూర్చుంది. గడ్డానికి వచ్చినవాళ్లు గడ్డంతోనే చూసి గడ్డంతోనే వెళ్లిపోయారు.

ముగ్గురు పిల్లల్ని చూపించారు. డాక్టరుగారబ్బాయి పై మెట్టట. బ్యాంకు మేనేజరుగారమ్మాయి నడిమెట్టట. ఇస్త్రీ కొట్టు పిల్ల, అంటే నువ్వు, కింది మెట్టట. ఎవరిదో గొంతు, మనిషి కనపడడు, పొడుగునా ఇలాంటివే చెబుతూ పోయాడు. "మన కొట్టుకి మెట్లెక్కడివి, ఉన్నది గడపే కదా" అన్నాడు మీ నాన్న.

డాక్టరుగారింట్లో పియానో వాయించారు. మేనేజరుగారింట్లో గిటారు. మనింట్లో మీ అమ్మ గిన్నె తోముతుంటే వయొలిన్ అందుకున్నారు. "ఎవరు పోయారు?" అంది మీ అమ్మ. ఇంకో సంగతి కూడా రాయమంటోంది. ఆ ఏడాది మూడు గోడలకి రంగు వేయించారట, డబ్బు చాలక నాలుగోది వదిలేశారట. ఆ డైరెక్టరమ్మ ఏడాదంతా ఆ నాలుగో గోడ దగ్గరే కెమెరా పెట్టిందట.

మీ నాన్న బాధ వేరు. "ఏ గుడ్డకి ఎంత వేడి, కాలరు ఎటు నుంచి ఎటు తీయాలి, అంతా గంటసేపు చెప్పాను. ఒక్క ముక్క ఉంచలేదు. బయటికి చూస్తూ నిలబడ్డది మాత్రం ఉంచారు." అప్పుడు ఆ గొంతు ఏమందో తెలుసా? "ఈ తండ్రి కళ్లలో రేపటి గురించిన భయం" అంది. "భయం కాదురా నాయనా, టీ తెస్తానన్నవాడు ఇంకా రాలేదని చూస్తున్నా" అని మీ నాన్న టీవీకే జవాబు చెప్పాడు.

చివర్లో డాక్టరుగారబ్బాయిని మన కొట్టుకి తీసుకొచ్చింది గుర్తుందా? వాడు బట్టల గుట్టలు చూసి నోరు తెరిచి, "ఇన్ని చొక్కాలా! మీరు మా కంటే గొప్పవాళ్లా?" అన్నాడు. నువ్వు గడ్డం పైకెత్తి, "అవును. అన్నీ మావే" అన్నావు. సెలూనంతా గొల్లుమంది. వెంటనే ఆ గొంతు, "ఈ పాపకి సొంతానికి ఉన్నవి రెండే గౌన్లు" అంది. "మూడు! ఒకటి ఉతుకులో ఉంది" అని మీ అమ్మ లేచి నిలబడింది. మీ నాన్న నవ్వలేదు. ఏమీ అనలేదు కూడా.

మళ్లీ వయొలిన్ మొదలయ్యేసరికి మీ అమ్మ టీవీ కట్టేయమంది. ఆఖర్న తెర మీద ఏవో అక్షరాలు వస్తున్నాయి. నేను చదివేలోపే కట్టించేసింది.

వేళకి తిను.

బాబాయి (చేతిరాత మాత్రమే నాది)

*

హాస్టల్, మెట్ల పక్క గది

నాన్నకి, అమ్మకి, చదివి వినిపించే బాబాయికి,

మేమూ చూశాం. కామన్ హాల్లో, వార్డెన్‌తో సహా అందరం కూర్చున్నాం. నేను చివరి వరసలో కూర్చోవాల్సింది. ముందు వరసలో కూర్చున్నాను.

మొదట్లో అందరూ "అరే, అది నువ్వేనా!" అని సరదాగానే ఉన్నారు. వయొలిన్ వచ్చాక ఒక్కొక్కరే వెనక్కి తిరిగి నన్ను చూడడం మొదలుపెట్టారు. ఇప్పుడు నేను గదిలోకి వస్తే మాటలు తగ్గిస్తున్నారు. మెస్సులో వడ్డించే ఆయన గరిటె నిండా వేసి మొహం పక్కకి తిప్పుకుంటున్నాడు. నా గదిలో ఉండే అమ్మాయి, కాంట్రాక్టరుగారి కూతురు, రాత్రంతా ఏడ్చి పొద్దున్నే తన రెండో దిండు తెచ్చి నా మంచం మీద పెట్టింది. "నాకు దిండు ఉంది" అన్నాను. "తెలుసు. అయినా ఉంచుకో" అంది. వద్దంటే మళ్లీ ఏడుస్తుందని ఉంచుకున్నాను. రెండు దిళ్ల మీద పడుకుని మెడ పట్టేసింది.

ఇంతకు ముందు ఎవరైనా అడిగితే మా నాన్నది బట్టల పని అని చెప్పేదాన్ని. వాళ్లు బట్టల షాపు అనుకున్నట్టున్నారు. నేను దిద్దలేదు. ఇప్పుడు దిద్దే అవసరం లేకుండా పోయింది.

డైరెక్టరమ్మగారికి ఉత్తరం రాశాను. మా ఇంట్లో వయొలిన్ లేదని, లేనిదాన్ని ఉన్నట్టు చూపడం డాక్యుమెంటరీ లక్షణానికి విరుద్ధమని, మూడు గోడల సంగతి కూడా పరిశీలించాల్సిందని, గౌను విషయంలో సవరణ వేయాలని రాశాను. మా టీచరు ట్రైనింగు విద్యా మనస్తత్వశాస్త్రం పుస్తకంలోంచి ఒక పేరా కూడా జతచేశాను. జవాబు రాలేదు.

బాబాయీ, నేను అన్నీ మావే అన్నప్పుడు నాన్న ఏమీ అనలేదని రాశావు. అది ఏ రకం ఏమీ అనకపోవడం?

మీ పిచ్చుక

*

సెలూన్, వాన పడుతోంది, గిరాకీ లేదు

పిచ్చుకా,

ఏ రకమని అడిగావు. నోట్లో మేకులు పెట్టుకున్న వడ్రంగి రకం. అంతకంటే చెప్పలేను.

ఇప్పుడా సంగతి పక్కన పెట్టు. మీ నాన్న దశ తిరిగింది! ఆ డాక్యుమెంటరీ చూసి జనం పార్సెళ్లలో బట్టలు పంపుతున్నారు. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వస్తున్నాయి. పోస్టుమాన్ ఇదివరకు మన వీధికి సైకిల్ మీద వచ్చేవాడు. ఇప్పుడు రిక్షా మాట్లాడుకుని వస్తున్నాడు. "మా నాన్న కాలంలో వీధి దాటి ఒక్క రుమాలు రాలేదు. ఇప్పుడు చూడు, పోస్టులో ఇస్త్రీకి వస్తున్నాయి!" అని మీ నాన్న ఒకటే ఆనందం. నా మాటలు కత్తిరిస్తే కత్తిరించారు, నా చేతిపనితనం మాత్రం తెరమీద కనపడ్డట్టుంది అంటున్నాడు.

ఎప్పటిలాగే ఎవరివెవరివో కలిసిపోకుండా కాలరు లోపల ఇంటికో రంగు దారం కుట్టి, ఇస్త్రీ చేసి, పార్సెల్ కట్టి, వాళ్ల అడ్రసుకే తిరిగి పంపుతున్నాడు. అడ్రసు, బిల్లు నేను రాస్తున్నాను. బొత్తాలు లేనివాటికి మీ అమ్మ కుడుతోంది. దానికి వేరే చార్జీ.

కొన్ని బట్టలు మాత్రం మరీ చితికిపోయి ఉన్నాయి. ఒక చొక్కాకి మోచేతి దగ్గర నా పిడికిలి పట్టేంత కన్నం. మీ నాన్న దాన్ని చాలాసేపు చూసి, "ఎలాంటి స్థితిలో ఉన్నాడో పాపం. అయినా ముడత లేకుండా వేసుకోవాలనుకున్నాడు చూడు" అని ఆ మనిషికి చార్జీ తగ్గించాడు.

ఆడవాళ్ల ఊలు కోటు కూడా ఒకటి వచ్చింది, ముదురాకుపచ్చ రంగు. "ఊలు కదా, తొందరపడకూడదు" అని మీ అమ్మ లోపల పెట్టింది. రోజూ సాయంత్రం అది వేసుకుని వీధి చివరిదాకా వెళ్లి పరీక్షించి వస్తోంది. పరీక్ష ఇంకా పూర్తి కాలేదట.

ఇంకో మాట. ఆ ముగ్గురు పిల్లల్నీ, తల్లిదండ్రుల్నీ టీవీ స్టూడియోకి రమ్మని కబురొచ్చింది. నీకూ వచ్చే ఉంటుంది. ప్రోగ్రాం అప్పటికప్పుడు చూపిస్తారట, కత్తిరించడానికి వీలుండదట. అది విన్నప్పటి నుంచి మీ నాన్న ఆగడం లేదు. అప్పుడు కోసేసిన గంటా ఇప్పుడు చెబుతాడట. రోజూ నా కుర్చీలో కూర్చుని, అద్దంలో చూసుకుంటూ కాలరు దగ్గర మొదలుపెడుతున్నాడు.

బాబాయి

*

హాస్టల్, మెట్ల పక్క గది

నాన్నకి, అమ్మకి,

పని బాగా సాగుతోందని విని సంతోషం. బిల్లులు మాత్రం కాస్త ఆగి పంపితే బాగుంటుందేమో. కొత్తవాళ్లు కదా.

స్టూడియో గురించి: మీరు రావాల్సిన అవసరం అంతగా కనిపించడం లేదు. ప్రయాణం దూరం. రైల్లో అమ్మకి పడదు. స్టూడియోలో దీపాలు చాలా వేడిగా ఉంటాయని విన్నాను. నేనొక్కదాన్నే వెళ్లి మన తరఫున చెప్పాల్సింది చెబుతాను.

పిచ్చుక

*

హాస్టల్, మెట్ల మీద కూర్చుని

బాబాయికి,

నాన్నకి రాసిన ఉత్తరం నీకు వింతగా అనిపించే ఉంటుంది. రైల్లో పడనిది అమ్మకి కాదు, నాకు. దీపాలు వేడిగా ఉంటే మాత్రం నాన్నకేం భయం? ఆయన చేసేదే వేడితో పని. నాకు అబద్ధాలు చేతకావు. అందుకే నీకు నిజం రాస్తున్నాను.

మీరు టీవీ ముందే కట్టేశారు. మేం చివరిదాకా చూశాం. చివర్లో తెర మీద మన కొట్టు అడ్రసు వేశారు. దాని పైన "ఈ కుటుంబానికి మీ పాత బట్టలు పంపి ఆదుకోండి" అని రాశారు. బాబాయీ, ఆ బట్టలు ఇస్త్రీకి రాలేదు. దానంగా వచ్చాయి. నాన్న దానానికి బిల్లు పంపుతున్నాడు.

నువ్వు పార్సెళ్ల సంగతి రాసిన రోజే చెప్పేద్దామనుకున్నాను. "మా నాన్న కాలంలో రుమాలు రాలేదు" అన్న మాట చదివాక కలం కదల్లేదు.

ఇప్పుడు ఆ ప్రోగ్రాం ఉంది. నాకు పంపిన కాగితంలో అంతా వరసగా ఉంది. మధ్యలో మా చిన్ననాటి ముక్కలు చూపిస్తారట. తర్వాత ప్రేక్షకులు ఇచ్చిన బట్టల పెట్టె నాన్న చేతిలో పెడతారట. నాన్న ఏం చేస్తాడో నాకు తెలుసు. రెండు చేతులా అందుకుని "ఎప్పటికి కావాలి?" అని అడుగుతాడు. చూసినవాళ్లంతా నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారో నాన్నకి అక్కడే, అందరి ముందూ తెలుస్తుంది. అది నేను చూడలేను.

ఎలాగైనా ఆపు. నడుం నొప్పి అని నువ్వే నమ్మించు. నువ్వు చెబితే వింటాడు.

ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువుకో. దయచేసి గట్టిగా చదవకు.

పిచ్చుక

*

సెలూన్, తలుపు సగం వేసి ఉంది

పిచ్చుకా,

గట్టిగా చదవకు అన్న మాట చివర రాశావు. అలాంటిది ముందు రాయాలి తల్లీ. చివరికి వచ్చేసరికి అంతా చదివేశాను.

నీ ఉత్తరాలు ఎప్పుడూ వచ్చినట్టే ఇదీ వచ్చింది, ఎప్పుడూ చించినట్టే కవరు చించాను. మీ నాన్న కుర్చీలోనే ఉన్నాడు, మొహం నిండా నురగ. ఒక చెంప గీయడం అయిపోయింది. మీ అమ్మ బెంచీ మీద కూర్చుని కోటు పరీక్షలో ఉంది. ఇంకో నలుగురు ఉన్నారు. నాకు చదవడం మొదలుపెడితే మధ్యలో ఆలోచించే అలవాటు లేదు. "దానంగా వచ్చాయి" అని కూడా మంచి స్పష్టంగానే చదివాను. "రుమాలు రాలేదు" దగ్గర కూడా ఆగలేదు. "గట్టిగా చదవకు" అన్నది మాత్రం మెల్లగా చదివాను.

మీ నాన్న లేచాడు. తువ్వాలు తీసి మడత పెట్టాడు, అప్పుడు కూడా అంచులు కలిపే మడత పెట్టాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో అలాగే వీధిలోకి వెళ్లిపోయాడు. కొట్టు షట్టరు దించిన చప్పుడు ఇక్కడికి వినపడింది.

మీ అమ్మ కోటు విప్పి చేతిమీద వేసుకుని, "మీ ఇద్దరికీ చదువు వచ్చి ఏం లాభం?" అని వెళ్లిపోయింది. ఇద్దరికీ అంటే నీకూ, నాకూ.

ఇవాళ కూడా మీ నాన్న షట్టరు తీయలేదు. నా మొహం నాకే అద్దంలో చూడబుద్ధి కావడం లేదు. నా కొట్టులో ఎటు తిరిగినా అద్దాలే.

బాబాయి

*

హాస్టల్

బాబాయీ,

తప్పు నాది, నీది కాదు. నేను వచ్చేయనా? రేపు బోధనా పరీక్ష ఉంది. అయినా వచ్చేస్తాను. రెండో చెంప ఎప్పుడు గీయించుకున్నాడో అదొక్కటి రాయి. గీయించుకుంటే కోపం తగ్గినట్టు.

పిచ్చుక

*

సెలూన్, అద్దం పక్క కుర్చీ

పిచ్చుకా, మీ నాన్న చెబుతున్నాడు. ఈసారి ఒక్క మాట మార్చొద్దన్నాడు. అందుకని మార్చకుండా రాస్తున్నాను.

"రాయి తమ్ముడూ. ఒరేయ్ పిచ్చుకా, పరీక్ష వదిలేసి వచ్చావంటే ఊరుకోను. నాకు చదువు రాదు గానీ, చెబితే వినడం వచ్చు. నాకు చెప్పకుండా వీడికి చెప్పావు. వీడికి చెబితే మైకులో చెప్పినట్టే కదా." (ఇది కూడా రాశాను. చూసుకో.)

"బాధపడ్డాను. అది రాయి. ముందు సిగ్గేసింది. బిల్లులు పంపానే అని. తర్వాత కోపం వచ్చింది. ఆ తర్వాత ఆ కన్నం చొక్కావాడు గుర్తొచ్చాడు. వాడు నా మీద జాలిపడి చొక్కా పంపాడు. నేను వాడి మీద జాలిపడి చార్జీ తగ్గించాను. ఒకరికొకరం సరిపోయాం. అది తలుచుకుంటే ఒక్కణ్నే కొట్టులో నవ్వొచ్చింది. షట్టరు వేసుంది కాబట్టి ఎవరూ చూడలేదు.

ఇంకా విప్పని మూటలు కొన్ని ఉన్నాయి. అవన్నీ ఇస్త్రీ చేస్తాను. చేసి వాళ్లకే పంపుతాను. నాకు బట్టలిస్తే ఇంకేం చేయాలో తెలియదు. ఇకమీదట వాటికి బిల్లు వేయొద్దని చెప్పాను. వాళ్లు ఊరికే ఇద్దామనుకున్నారు కదా. నేనూ ఊరికే ఇస్తాను.

స్టూడియోకి వస్తున్నాను. నడుం నొప్పేం లేదు. మీ అమ్మ కూడా వస్తోంది. రైల్లో పడకపోవడం నీకేనని మీ అమ్మకి ముందే తెలుసు."

ఇక మీ అమ్మ మాట: అక్కడ చలిగా ఉంటుందా? ఉంటే కోటు వేసుకొస్తుందట. "దాని పరీక్ష ఇంకా అవలేదా?" అని మీ నాన్న అడిగాడు. "రైల్లో ఎలా ఉంటుందో చూడలేదు" అంది.

రెండో చెంప ఇవాళే గీశాను.

బాబాయి

*

సెలూన్, ఇసకేస్తే రాలనంత జనం

పిచ్చుకా!

ఇలా జరుగుతుందా ఎక్కడైనా? వీధంతా చూస్తోంది. డైరెక్టరమ్మ పెట్టె తీసుకొచ్చింది. మీ నాన్న రెండు చేతులూ చాచాడు. నోరు తెరిచాడు. మా టీవీలో బొమ్మ పోయింది! నెత్తి మీద కొట్టాను, పక్కన కొట్టాను, ఎవడో యాంటెనా తిప్పడానికి పైకెక్కాడు. బొమ్మ వచ్చేసరికి నువ్వు ఏడుస్తున్నావు, డైరెక్టరమ్మ నవ్వుతోంది, మీ అమ్మ ఒక పెద్దావిడతో కోటు గురించి మాట్లాడుతోంది. మధ్యలో ఏం జరిగింది? ఎవరూ ఇంటికి వెళ్లడం లేదు. జవాబు వచ్చేదాకా గడ్డాలు గీయించుకోం అంటున్నారు. నా కొట్టు మూతపడేలా ఉంది. వెంటనే రాయి.

బాబాయి

*

హాస్టల్, మెట్ల పక్క గది

బాబాయికి,

ఇది గట్టిగా చదవచ్చు. మొదట్లోనే చెబుతున్నాను.

అమ్మా నాన్నా ఇప్పుడు రైల్లో ఉన్నారు. వాళ్లు వచ్చేలోపే నీకు ఇది అందితే బాగుండు. లేకపోతే నాన్న ఆ గంట ఉపన్యాసం దగ్గర మొదలుపెడతాడు, అసలు సంగతి రాదు.

మమ్మల్ని మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టారు. డాక్టరుగారబ్బాయి వాళ్లమ్మతో వచ్చాడు. ఇప్పుడు పొడుగయ్యాడు. చదువుకని ఎక్కడో గది అద్దెకి తీసుకుని ఒక్కడే ఉంటున్నాడట. చొక్కా నలిగి ఉంది. నాన్న ఆ కాలరు వైపే చూస్తూ కూర్చున్నాడు. మేనేజరుగారమ్మాయి రాలేదు. తనకి గిటారు పెట్టినందుకు ఇంకా కోపంగా ఉందట. ఆ అమ్మాయితో నాకు స్నేహం కుదురుతుందనిపించింది.

మీ గురించి చెప్పండి అని ముందు నన్నడిగారు. "టీచరు ట్రైనింగులో ఉన్నాను. మా నాన్న ఇస్త్రీ చేస్తారు" అన్నాను. అంతే. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఇన్నాళ్లూ ఏదో పెద్ద పని అనుకున్నాను.

తర్వాత పెట్టె తెచ్చారు. రిబ్బను కట్టి ఉంది. డైరెక్టరమ్మగారి కళ్లు అప్పటికే చెమ్మగిల్లాయి. నాన్న లేచి రెండు చేతులా అందుకున్నాడు. బరువు చూశాడు. మూత కొంచెం తీసి లోపలికి చూశాడు. నా వైపు ఒకసారి చూశాడు. కన్ను కొట్టాడనే అనుకుంటున్నాను, ప్రమాణం చేయలేను. చూసి,

"ఎప్పటికి కావాలమ్మా?" అన్నాడు.

అంతా తెలిసి అన్నాడు బాబాయీ! నేను భయపడ్డ మాట, నేను రాసిన మాట, అదే మాట అన్నాడు.

డైరెక్టరమ్మగారు, "అయ్యో, ఇవి మీకేనండీ" అన్నారు. నాన్న, "నాకే, తెలుసు. ఇంకెవరి చేతికి పోతాయి? వచ్చే వారానికి ఇస్తాను, తొందరేం లేదుగా?" అన్నాడు. హాల్లో ముందు ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నాన్నే నవ్వుతుంటే ఇక నేను దేనికి భయపడాలో తెలియలేదు.

ఆమె కంగారుపడి నా చిన్నప్పటి ముక్క వేయించారు. ఇన్ని చొక్కాలా, అన్నీ మావే, అది. మళ్లీ ఆ రెండు గౌన్ల మాట వచ్చింది. "మూడు!" అని అమ్మ వెనక నుంచి సవరించింది. డైరెక్టరమ్మగారు గొంతు తగ్గించి, "మీ పాప అలా అబద్ధం ఆడాల్సి వచ్చినప్పుడు తండ్రిగా మీకెలా అనిపించింది?" అని నాన్ననడిగారు. నేను నేల వైపు చూస్తున్నాను. నాన్న ఏమీ అనకపోవడం ఏ రకమో ఇప్పుడు తెలియబోతోంది కదా.

"అబద్ధం ఏముందమ్మా అందులో?" అన్నాడు నాన్న. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "చొక్కా కాలిందనుకోండి, డబ్బు ఎవరు కట్టుకోవాలి? మేమే. దొంగ ఎత్తుకుపోతే? మేమే. వాన జల్లు కొడితే మా పిల్ల మంచం మీది దుప్పటి తీసి వాటి మీద కప్పేవాళ్లం. పిల్ల వట్టి మంచం మీద పడుకునేది. మావి కాకపోతే ఇదంతా ఎందుకు చేస్తాం? బల్ల మీద ఉన్నంతసేపూ అన్నీ మావే. పిల్ల సరిగ్గానే చెప్పింది. ఆ రోజు టీవీలో చూసి, ఎనిమిదేళ్లకే ఎంత బాగా అర్థం చేసుకుంది అనుకున్నాను. అందరూ నవ్వుతుంటే మాత్రం నాకు అర్థం కాలేదు."

అదీ బాబాయీ సంగతి. నాకు సిగ్గేసిన ముక్క చూసి నాన్న మురిసిపోయి ఊరుకున్నాడు. నేను ఏడ్చింది అందుకు.

ఇక కోటు. ఆ పెద్దావిడ డాక్టరుగారి భార్య. అమ్మని చూసి, "ఈ కోటు..." అని ఆగిపోయింది. అమ్మ ఏమాత్రం తగ్గలేదు. "మీదేనా? బొత్తాలు గట్టిగా కుట్టాను. తిరిగి పంపేదాన్నే, చలి వచ్చి పడింది" అంది. ఆవిడ ఎర్రబడి, "అయ్యో, ఉంచుకోండి" అంది. నాన్న, "అక్కర్లేదమ్మా, మేము..." అని మొదలుపెట్టాడు. అమ్మ ఆయన్ని మోచేత్తో పొడిచి, "ఉంచుకుంటాను" అంది. "మా ఆయనకి గొప్ప, నాకు చలి" అని కూడా అంది. దాంతో ఆవిడ నవ్వేసింది. వాళ్లిద్దరూ తర్వాత చాలాసేపు ఊలు గురించి మాట్లాడుకున్నారు.

బయటికి వచ్చేటప్పుడు డాక్టరుగారబ్బాయి నాన్న దగ్గరికొచ్చి, "పోస్టులో పంపితే నా చొక్కాలు నిజంగా ఇస్త్రీ చేసి పంపుతారా? బిల్లుతో?" అని అడిగాడు. ఆ కాలరు చూసినప్పటి నుంచి నాన్న ఎదురు చూస్తున్నది అదే.

నా గదిలో అమ్మాయి ప్రోగ్రాం చూసింది. తన లంగా తెచ్చి, "కొంచెం ఇస్త్రీ చేసి పెడతావా?" అని అడిగింది. నాకు రాదన్నాను. నమ్మలేదు. నాన్న నన్నెప్పుడూ ఇస్త్రీ పెట్టె ముట్టుకోనివ్వలేదని, పుస్తకం పట్టుకోమనేవాడని చెప్పాను. "అయితే నీకేం వచ్చు?" అని విసుక్కుంది. ఆ విసుగు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ ఊపులో దిండు తిరిగిచ్చేశాను. తీసుకుంది. మెడ నొప్పి తగ్గింది.

పిచ్చుక

*

సెలూన్, అద్దం పక్క కుర్చీ

పిచ్చుకా,

నీ ఉత్తరం గట్టిగా చదివాను. తర్వాత మీ నాన్న అడిగితే ఇంకోసారి, పక్క వీధివాళ్లు వస్తే ఇంకోసారి. గడ్డాలన్నీ గీశాను. ఇక మీ నాన్న చెబుతున్నాడు.

"పిచ్చుకా, డాక్టరుగారబ్బాయి చొక్కాలు వచ్చాయి. నీలం దారం కుట్టాను. అన్నీ మంచి గుడ్డ. మనిషికి మాత్రం మడత పెట్టడం నేర్పలేదు ఎవరూ, ఉండలు చుట్టి పంపాడు.

ఒక చిన్న పొరపాటు జరిగింది. నిన్న మన ప్రోగ్రాం మళ్లీ వేశారు. కొట్టులో ఆ అబ్బాయి చొక్కా మీద ఇస్త్రీ పెట్టె పెట్టి ఉండగా, 'నువ్వొస్తున్నావ్, నువ్వొస్తున్నావ్!' అని వీడు సెలూన్లోంచి కేకేశాడు." (నిజమే. కేకేశాను.) "నేను గుమ్మంలోకొచ్చి చూస్తూ నిలబడ్డాను. బల్ల మీద ఉన్నంతసేపూ అనే మాట వచ్చేదాకా ఆగాను. బాగా చెప్పాననే అనిపించింది. వాసన వచ్చాక పరిగెత్తాను. చొక్కా వీపు మీద పెట్టె అచ్చు పడినట్టు పడింది. ఇన్నేళ్లలో నా చేతిలో ఇలా ఎప్పుడూ కాలలేదు.

అబ్బాయికి కొత్త చొక్కా కొని మిగతావాటితో పంపించాను. వద్దని రాస్తాడు, రాయనీ. కాలినదాన్ని నీకు పంపుతున్నాను. చేతులు బాగానే ఉన్నాయి, వీపు ఎటూ నీకు కనపడదు. బ్లాకు బోర్డు తుడిచేటప్పుడు పైన వేసుకో, సుద్ద పడకుండా ఉంటుంది. పిల్లలెవరైనా ఎవరిదని అడిగితే తడుముకోకుండా చెప్పు. ఇది బల్ల దిగాక కూడా మనదే."

బాబాయి